రెండు నిమిషాల విమానానికి ముందూ వెనకా

స్కాట్లాండ్ ఉత్తరపు కొసన, ఆటుపోట్ల ఉధృతికి పేరుపడ్డ పెంట్లాండ్ ఫర్త్ జలసంధి దాటితే ఆర్క్‌నీ దీవులు మొదలవుతాయి. చిన్నా పెద్దా కలిపి డెబ్బై దాకా ఉన్న ఆ దీవుల్లో మనుషులు కాపురముంటున్నవి ఇరవై దాకా. ఉత్తరపు అంచున వెస్ట్రే, దాని పక్కనే పాపా వెస్ట్రే ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మొదటి దాంట్లో 588 మంది, రెండో దాంట్లో 90 మంది. రెండింటికీ చెరో విమానాశ్రయం ఉంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి దూరం 1.7 మైళ్లు, అంటే దాదాపు 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్లో ఆ ప్రయాణానికి చాలాకాలంగా కేటాయించినది రెండు నిమిషాలు. గాలి అనుకూలిస్తే అంత కూడా పట్టదు. లోగన్‌ఎయిర్ పైలట్ స్టూవర్ట్ లింక్లేటర్ 53 సెకన్లలో దాటించిన రికార్డు ఉంది. ప్రపంచంలోకెల్లా అతి తక్కువ దూరపు రెగ్యులర్ ప్రయాణికుల విమాన సర్వీసుగా ఇది గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ కీర్తి కోసమే పనిగట్టుకుని వచ్చి ఎక్కేవాళ్లున్నారు. అయితే ఈ సర్వీసు చరిత్రను మొదటినుంచీ చూసుకుంటూ వస్తే, దాన్ని ప్రసిద్ధం చేసిన ఆ రెండు అంకెలూ, దూరమూ సమయమూ, అది ఎందుకు పుట్టిందో ఎందుకు నిలిచిందో చెప్పలేవని తేలుతుంది. ఆ చిన్న జలసంధిని దాటించడం కోసం ఈ విమానం రాలేదు. రోజుల తరబడి ఎదురుచూపులను తీసేయడానికి వచ్చింది.

ముందు ఆ 53 సెకన్లనే తీసుకుందాం. లెక్క కడితే గంటకు 185 కిలోమీటర్ల సగటు వేగం వస్తుంది. అదే విమానం, అదే దూరం, రెండు నిమిషాలు పట్టిన రోజున సగటు గంటకు ఎనభై కిలోమీటర్ల దరిదాపులకు పడిపోతుంది. తేడా ఇంజన్ల వల్ల వచ్చింది కాదు. విమానం గాలికి ఎదురుగా లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి. ఆనాటి గాలి రెండు రన్‌వేల దిశతో కలిసొస్తే లేచిన దారినే నేరుగా పోయి వాలిపోవచ్చు. గాలి మరోవైపు నుంచి వీస్తే లేచాక ఒక చుట్టు, దిగేముందు ఒక చుట్టు తిరగాలి. అప్పుడు ఆ మలుపుల పొడవే రెండు దీవుల మధ్య దూరాన్ని మించిపోతుంది. పటం మీద గీత గీసి, వేగంతో భాగించి, ఇంత సమయమని చెప్పే లెక్క పెద్ద విమానాశ్రయాల మధ్య కొంతవరకు చెల్లుతుంది గానీ ఇక్కడ చెల్లదు. స్కాట్లాండ్‌కే పడమటి వైపున్న బారా దీవిలో విమానాలు సముద్రపు ఇసుక మీద దిగుతాయి. పోటు వచ్చినప్పుడు ఆ రన్‌వేలు నీట మునుగుతాయి. అక్కడ టైంటేబుల్‌ను నిర్ణయించేది చంద్రుడే. చిన్న దీవుల మధ్య ప్రయాణ సమయం అనేది ఎప్పుడూ గాలికీ నీటికీ లోబడిన సంగతి, మైళ్లకు లోబడింది చాలా తక్కువ.

విమానాలు రాకముందు ఈ లోబాటు ఎంత భారంగా ఉండేదో ఈ రోజు ఊహించడం కష్టం. ఆర్క్‌నీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్. ఆస్పత్రి, కోర్టు, పెద్ద బడి, పశువుల సంత అన్నీ అక్కడే. ఉత్తర దీవులకు అక్కడినుంచి స్టీమర్లు నడిచేవి. ఒక దీవికని బయల్దేరిన స్టీమరు నేరుగా అక్కడికి పోయేది కాదు. దారిలో ఉన్న దీవులన్నిటి దగ్గరా ఆగుతూ మనుషులనూ, పశువులనూ, పిండి బస్తాలనూ, బొగ్గునూ ఎక్కించుకుంటూ దింపుతూ పోయేది. సరైన రేవు లేని చోట స్టీమరు నడి సముద్రంలో నిలబడితే ఒడ్డునుంచి చిన్న పడవలు ఎదురెళ్లి సరుకు దించుకునేవి. అలలు ఎక్కువైతే ఆ పనీ కుదిరేది కాదు. ఇక వెనక్కి రావాలంటే స్టీమరు తిరిగొచ్చే రోజు దాకా ఆగాలి. కిర్క్‌వాల్‌లో అరగంట పని ఉన్న రైతు దానికోసం రెండు మూడు రోజులు ఇల్లు విడిచి ఉండాల్సి వచ్చేది. చలికాలంలో రాత్రి నొప్పులు మొదలైన గర్భిణికీ, కడుపునొప్పితో మెలికలు తిరిగే కూలివాడికీ ఆ రోజులు ప్రాణాంతకమయ్యేవి. ఇక్కడ దూరం ఎన్నడూ ఎక్కువ లేదు. వెస్ట్రే నుంచి కిర్క్‌వాల్‌కు నలభై కిలోమీటర్లు. మైళ్లకు బయట ఉన్న కాలమే మనిషిని కట్టిపడేసింది.

ఈ సంగతిని మొదట పట్టుకున్నవాడు కెప్టెన్ ఎడ్మండ్ ఫ్రెసన్. మొదటి ప్రపంచయుద్ధంలో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో పైలట్‌గా చేసి, ఆ తర్వాత ఊరూరా తిరుగుతూ జనాన్ని సరదా విమానాల్లో తిప్పే వ్యాపారంలో ఉంటూ 1931లో ఆర్క్‌నీ వచ్చాడు. అక్కడి జనం విమానాన్ని చూసిన తీరు వేరుగా ఉందని గ్రహించాడు. వాళ్లకు అది గాల్లో తిరగడం కాదు, సముద్రం దాటడం. 1933లో ఇన్వర్నెస్ పట్టణంలో హైలాండ్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ పెట్టి, ఆ ఏడాది మే 8న ఇన్వర్నెస్ నుంచి విక్ మీదుగా కిర్క్‌వాల్‌కు సర్వీసు మొదలుపెట్టాడు. ఏడాది దాటాక, 1934 మే 29న, అదే దారిలో టపా మోయడం మొదలైంది. మామూలు తపాలా బిళ్ల ధరకే, అదనపు రుసుం లేకుండా బ్రిటన్ లోపల నడిచిన మొదటి రెగ్యులర్ విమాన టపా అది. ఈ అదనం లేకపోవడమనే వివరం చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో ఈ చరిత్రంతటికీ అదే కీలకం. దీవిలో ఉన్నందుకు ఉత్తరానికి ఎక్కువ కట్టనక్కర్లేదని, సముద్రం అడ్డుగా ఉండడం పౌరుడి తప్పు కాదని, ప్రభుత్వ శాఖ ఒకటి తన ధరల పట్టీలోనే ఒప్పుకుంది. అదే ఏడాది ఫ్రెసన్ కిర్క్‌వాల్ నుంచి ఉత్తర దీవులకు కూడా ఎగరడం మొదలుపెట్టాడు. పొలాలు చూసి, రైతులతో మాట్లాడి, రాతిగోడలు తొలగింపజేసి, గడ్డినేలను రన్‌వేగా మార్చుకున్నాడు. విమానం దిగడానికి ఒక చదునైన పొలమూ, గాలి దిశ చూపే గుడ్డ సంచీ చాలు. రేవు కట్టడానికయ్యే ఖర్చులో అది లెక్కలోకే రాదు.

ఇక్కడ 1930లో జరిగిన ఇంకో విషయాన్ని దీనితో కలిపి చూడాలి. స్కాట్లాండ్ పడమటి సముద్రంలో దూరంగా ఉన్న సెయింట్ కిల్డా దీవిలో మిగిలిన 36 మందీ తమను అక్కడినుంచి తీసుకుపొమ్మని ప్రభుత్వానికి విన్నవించుకుని, ఆ ఏడాది ఆగస్టు 29న ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. చలికాలమంతా బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోవడం, జబ్బు చేస్తే దిక్కులేకపోవడం వాళ్లను ఊరు విడిచేలా చేసిన కారణాల్లో ముఖ్యమైనవి. మూడేళ్లకు, 1933 మేలో, ఐలా దీవి నుంచి ఒక రోగిని విమానంలో గ్లాస్గో ఆస్పత్రికి చేర్చారు. స్కాట్లాండ్‌లో ఎయిర్ అంబులెన్స్ చరిత్ర అక్కడ మొదలైంది. ఫ్రెసన్ సర్వీసు మొదలైంది కూడా ఆ నెలలోనే. ఒక దీవి ఖాళీ కావడానికీ, మిగతా దీవులకు విమానం రావడానికీ మధ్య ఉన్నది మూడేళ్లే.

కానీ చరిత్ర తిన్నగా సాగలేదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి దీవుల మధ్య సర్వీసులను ఆపేసింది. యుద్ధం ముగిశాక విమాన కంపెనీలను జాతీయం చేశారు. 1947లో ఫ్రెసన్ కట్టిన వ్యవస్థ బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ చేతికి పోయింది. మరుసటి ఏడాదే ఆయనను ఉద్యోగం నుంచి తప్పించారు. ఉత్తర దీవుల పొలాల్లో విమానాలు మళ్లీ రోజువారీగా దిగడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఇరవై ఏళ్ల విరామాన్ని అర్థం చేసుకోవాలి. పైలట్లకు కొరత లేదు, విమానాలకు కొరత లేదు, యుద్ధం పుణ్యమా అని రన్‌వేలకు అసలే కొరత లేదు. పెద్ద సంస్థ లెక్కల్లో పదిమంది ఎక్కే సర్వీసు కనిపించకపోవడమే కారణం. జాతీయం చేసినంత మాత్రాన ప్రజల అవసరం తీరుతుందన్న నమ్మకాన్ని ఈ ఉదాహరణ నిలబెట్టదు. అలాగని ప్రైవేటు వ్యాపారమే తీర్చిందనీ కాదు, అది తర్వాత చూద్దాం.

1962లో విల్లీ లోగన్ అనే కాంట్రాక్టరు తన నిర్మాణ కంపెనీ మనుషులను పనుల దగ్గరికి చేర్చుకోవడానికి ఒక చిన్న విమానంతో లోగన్‌ఎయిర్ పెట్టాడు. ఆయన 1966లో వేరే సంస్థ విమానంలో ప్రయాణిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాతి ఏడాదే ఆయన కంపెనీ ఆర్క్‌నీ దీవుల సర్వీసును మొదలుపెట్టింది. అది కుదరడానికి ఒక యంత్రం సాయపడింది. ఐల్ ఆఫ్ వైట్ దీవిలో జాన్ బ్రిటెన్, డెస్మండ్ నార్మన్ అనే ఇద్దరు ఇంజనీర్లు తయారుచేసిన ఐలాండర్ విమానం 1965 జూన్ 13న మొదటిసారి ఎగిరింది. వేగం కోసం, ఎత్తు కోసం, దర్జా కోసం కాకుండా తక్కువ దూరాల కోసమే గీసిన విమానం అది. చక్రాలు లోపలికి ముడుచుకోవు, కాబట్టి ఆ యంత్రాంగం చెడిపోయే ప్రశ్నే లేదు. సీట్ల మధ్య నడవా లేదు, ప్రయాణికులు పక్క తలుపుల్లోంచే తమ వరసలోకి ఎక్కుతారు. దానివల్ల శరీరం సన్నగా, తేలిగ్గా ఉంటుంది. రెండు పిస్టన్ ఇంజన్లు, ఎనిమిది తొమ్మిది మంది ప్రయాణికులు, కొద్దిపాటి గడ్డి రన్‌వే చాలు. రోజుకు ఎన్నోసార్లు లేవడం దిగడం దానికి అలవాటైన పని. మన నౌకాదళం కూడా 1976 నుంచి ఈ విమానాన్నే తీరప్రాంత గస్తీకి వాడింది. ఆర్క్‌నీలో దానికి దొరికినంత సరైన పని ప్రపంచంలో మరెక్కడా దొరికి ఉండదు.

ఇప్పుడు ఆ 1.7 మైళ్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడవచ్చు. విమానం కిర్క్‌వాల్‌లో బయల్దేరి ఒక త్రికోణం చుట్టి వస్తుంది. పావుగంటలో వెస్ట్రే, అక్కడినుంచి పాపా వెస్ట్రే, అక్కడినుంచి మళ్లీ కిర్క్‌వాల్. కొన్ని ట్రిప్పుల్లో వరస తిరగబడుతుంది. రెండు దీవులకూ వేర్వేరుగా విమానం పంపితే ఖర్చు రెట్టింపు, కలిపి పంపితే మధ్యలో ఈ చిన్న ముక్క తప్పనిసరి. వెస్ట్రే విమానాశ్రయం ఆ దీవి ఉత్తర కొసన ఏకర్‌నెస్ దగ్గర, పాపా వెస్ట్రేకు ఎదురుగా ఉండడంతో ఆ ముక్క మరీ పొట్టిదైంది. జిల్లా కేంద్రం నుంచి ఊళ్లు తిరుగుతూ పోయే పల్లెవెలుగు బస్సులో చివరి రెండు స్టాపుల మధ్య దూరం ఎంతని ఎవరూ అడగరు, ఆ చివరి ఊరివాడు పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలడా అని అడుగుతారు. పాపా వెస్ట్రే మనిషికి ఈ విమానం ఇచ్చింది కూడా అదే. పొద్దున కిర్క్‌వాల్ పోయి పళ్ల డాక్టరును చూసి, సంతకం పెట్టాల్సిన చోట పెట్టి, సాయంత్రం తన ఇంట్లో భోజనం చేయడం. ఒకే బడిలో పూర్తికాలం పని ఉండని సంగీతం మాస్టారూ, డ్రాయింగ్ మాస్టారూ దీవి నుంచి దీవికి ఎగురుతూ పాఠాలు చెప్పారు. బ్యాంకు ఉద్యోగులు డబ్బు సంచులతో దీవులకు ఎగిరి వెళ్లారు. 1968లో లోగన్‌ఎయిర్‌ను కొన్నది కూడా స్కాట్లాండ్‌లోని నేషనల్ కమర్షియల్ బ్యాంకే. అదే ఐలాండర్లు రాత్రిపూట అంబులెన్స్‌గా మారేవి.

ఈ సర్వీసు మీద గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది: రెండు దీవుల మధ్య పడవ ఉండగా విమానం ఎందుకు? పడవ అరగంట లోపే దాటిస్తుంది కదా. నిజమే, దాటిస్తుంది. గోల్డెన్ మరియానా అనే పడవ ఏళ్లుగా ఆ పని చేసింది, స్థానికులు ఇటూ అటూ పోవడానికి దాన్ని వాడుకున్నారు. అంటే ఈ అభ్యంతరం నా వాదనకే బలమిస్తుంది. పక్క దీవికి పోవడానికి పడవ చాలు కాబట్టే విమానం ప్రయోజనం పక్క దీవి దగ్గర వెతక్కూడదు. కిర్క్‌వాల్‌కు వాహనాలెక్కే పెద్ద ఫెర్రీ వెస్ట్రే నుంచి గంటన్నర దాకా తీసుకుంటుంది. పాపా వెస్ట్రే రేవులో అలాంటి ఫెర్రీ నుంచి కార్లు నేరుగా దిగే ఏర్పాటు లేదు, క్రేనుతో ఎత్తి దించుతారు. రోజూ పోయి రావడమన్నది అక్కడ విమానంతోనే సాధ్యపడింది.

రెండో అభ్యంతరం వంతెన. ఇంత చిన్న జలసంధికి వంతెన కట్టలేమా అని. ఆర్క్‌నీలోనే దీనికి ఉదాహరణ ఉంది. యుద్ధకాలంలో శత్రు జలాంతర్గాములను ఆపడానికి చర్చిల్ అడ్డుకట్టలు కట్టారు. ఆ పనిలో ఇటలీ యుద్ధఖైదీలు వెయ్యికి పైగా మంది చాకిరీ చేశారు. యుద్ధం ముగిశాక అవే రోడ్లయి దక్షిణాన ఉన్న దీవులను ప్రధాన దీవికి కలిపాయి. ఆ దీవులు బాగుపడ్డాయి కూడా. కానీ అవి కిర్క్‌వాల్‌కు కలిశాయి. వెస్ట్రేకూ పాపా వెస్ట్రేకూ మధ్య వంతెన కడితే రెండు దూరపు దీవులు ఒక దూరపు దీవి అవుతాయి, అంతే. గర్భిణికీ ఆస్పత్రికీ మధ్య సముద్రం అలాగే ఉంటుంది.

ఇంకొకటి దీనికంటే బరువైనది. రవాణా ఉంటే మనుషులు నిలుస్తారన్న గ్యారంటీ ఏమిటి? పెంట్లాండ్ ఫర్త్‌లో స్ట్రోమా అనే దీవి స్కాట్లాండ్ ప్రధాన భూభాగానికి రెండు మైళ్ల దూరంలోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ 375 మంది ఉండేవారు. 1950లలో దానికి కొత్త రేవు కట్టించారు. 1962 నాటికి ఊరు ఖాళీ. కట్టిన రేవు మీదుగానే జనం సామాన్లతో వెళ్లిపోయారు. ఈ ఉదాహరణను పక్కకు నెట్టడం నిజాయితీ కాదు. దారి రెండు వైపులా తెరుచుకుంటుంది. పాపా వెస్ట్రే కూడా జనాన్ని పోగొట్టుకుంది. ఊరివాళ్లు సహకార సంఘం పెట్టుకుని దుకాణమూ, హాస్టలూ నడుపుకోకపోతే విమానం ఒక్కటే దాన్ని నిలబెట్టేది కాదు. అయినా స్ట్రోమా ఒక విషయం తేల్చి చెబుతుంది: ఒడ్డుకు రెండు మైళ్ల దూరంలో ఉండడం ఏ రక్షణా కాదు. అంతకు ఎన్నో రెట్లు దూరంలో ఉన్న పాపా వెస్ట్రేలో ఈనాటికీ దీపం వెలుగుతోంది. అయిదు వేల ఏళ్ల కిందట కట్టిన నాప్ ఆఫ్ హోవర్ రాతి ఇళ్లు ఆ దీవి తీరాన ఇంకా నిలిచి ఉన్నాయి. ఐరోపా ఉత్తర భాగంలో నిలిచి ఉన్న ఇళ్లలో అత్యంత పాతవిగా వాటిని లెక్కిస్తారు. అంతకాలంగా మనిషి ఎంచుకుని బతికిన చోటును పనికిరానిదని కొట్టిపారేసే హక్కు ఏ ఖజానా అధికారికీ లేదు.

చివరికి డబ్బు. ఈ సర్వీసు లాభాల మీద నడవదు. ఆర్క్‌నీ కౌన్సిల్ దాన్ని ప్రజాసేవగా గుర్తించి, కాంట్రాక్టు ఇచ్చి, నష్టం భరిస్తుంది. తొంభై మందికోసం ఇంత ఖర్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మన దేశపు అనుభవంతో పోలిస్తే స్పష్టమవుతుంది. చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి మన ప్రభుత్వం ఉడాన్ పథకం తెచ్చింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి విమానం ఎగిరినప్పుడే కడప–హైదరాబాద్ సర్వీసుకు కూడా ప్రధాని పచ్చజెండా ఊపారు. ఆ పథకంలో విమాన కంపెనీకి నష్టపరిహారం మూడేళ్లు, ఆ తర్వాత దారి దానంతటదే లాభాల్లో నడవాలన్నది ఊహ. 2023లో వచ్చిన కాగ్ నివేదిక లెక్క ప్రకారం కేటాయించిన 774 దారుల్లో మొదలైనవి 371, మూడేళ్లూ పూర్తిచేసినవి 112, ఆ గడువు దాటాక కూడా నడుస్తున్నవి 54. ఇందులో కంపెనీల తప్పు ఎంత, విమానాశ్రయాల తప్పు ఎంత అన్నది వేరే చర్చ. ఆలోచనలోనే ఒక తేడా ఉంది. ఆర్క్‌నీలో ఈ సర్వీసును రోడ్డుగా చూశారు. రోడ్డుకు ఏటా మరమ్మతు ఖర్చు ఉంటుంది, మూడేళ్లలో అది సొంత కాళ్ల మీద నిలబడాలని ఎవరూ అనరు. ఉడాన్‌లో దాన్ని అప్పుడే పెట్టిన దుకాణంగా చూశాం. కొన్ని దారులు నిజంగా దుకాణాలే కావచ్చు, బస్సూ రైలూ ఉన్న ఊళ్లకు విమానం సౌకర్యమే గానీ ప్రాణావసరం కాదు. కానీ అండమాన్ లాంటి చోట, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న చోట, విశాఖపట్నం నుంచి ఓడలో రెండు రోజులకు పైగా పట్టే చోట, దీవి నుంచి దీవికి హెలికాప్టర్ల మీద ఆధారపడే చోట, ఈ తేడా మాటల తేడా కాదు.

కాలుష్యం గురించిన విమర్శ కొత్తది, దాన్ని కూడా ఆర్క్‌నీ పట్టించుకుంటోంది. ఐలాండర్‌ను విద్యుత్తుతో నడిపే ప్రయత్నాన్ని క్రాన్‌ఫీల్డ్ ఏరోస్పేస్ 2019లో ప్రకటించింది. దానికి ప్రాజెక్ట్ ఫ్రెసన్ అని పేరు పెట్టారు. బ్యాటరీల బరువు పెద్ద విమానాలకు గుదిబండ, కానీ పావుగంట లోపు ప్రయాణాలకు ఆ బరువు కొంత భరించదగినదే. కొత్త ఇంధనాన్ని ముందుగా పరీక్షించడానికి అతి పొట్టి దారులే అనువైనవి.

మనవైపు చిన్న విమానాశ్రయాల మీద చర్చ వచ్చినప్పుడల్లా కిలోమీటర్లూ, నిమిషాలూ, ఎక్కేవాళ్ల సంఖ్యా మాత్రమే ముందుకొస్తాయి. ఒక దారికి సబ్సిడీ గడువు పెట్టేముందు ప్రభుత్వం ఇంకో లెక్క కూడా తీయించి ప్రచురించాలి: ఆ సర్వీసు లేని రోజున అక్కడి మనిషి ఆస్పత్రికి పోయి ఇంటికి తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఆ లెక్క ఒక రోజు దాటిన ప్రతిచోటా మూడేళ్ల గడువును ఎత్తేయాలి.